తొడుగులోని చేతులు

"నీ చేతులు వద్దనలేదు వకుళా. నువ్వు వద్దన్నాను," అంది మాణిక్యాంబ.

ఆ మాట అనడం అప్పటికి మూడోసారి. మొదటిసారి కాఫీల దగ్గర అంది. రెండోసారి తమ్ముణ్ణి పిలిచి, అతని ఎదుట అంది. ఇప్పుడు మంచం మీద వెనక రెండు దిళ్ళు ఎగదోసుకుని, కుడిచేతిని పొట్టకి ఆనించి కట్టిన నల్లపట్టీని ఎడంచేత్తో సర్దుకుంటూ, మళ్ళీ చెప్పించుకోకు అన్నట్టు అంది.

"రెండూ ఒకటే కదా వదినా."

"ఒకటెలా అవుతాయి? నీ చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. నువ్వు ప్రశ్నలేస్తావు. నిన్న నా చెయ్యి పైకెత్తుతూ ఏవడిగావు? పనసపొట్టు కూర మొదట్నించీ ఎలా వండుతావో చెప్పమన్నావు. ఇరవయ్యారేళ్ళుగా తింటున్నావు ఆ కూర, ఒక్కనాడు అడిగావా? ఇక్కడ నా ప్రాణం పోతుంటే ఆవ ఎప్పుడు కలపాలో చెప్పాలా నేను?"

"పేషెంట్లందర్నీ అలాగే మాటల్లో పెడతాను. నొప్పి మీద ధ్యాస ఉండదని."

"నేను నీ పేషెంటునా?"

గుమ్మంలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్న సూర్యారావు, "అక్కా, ఆ కూరేదో నాకు చెప్పు. దానికి చెప్పి లాభం లేదు, చెయ్యదు," అన్నాడు.

"నువ్వూరుకోరా సూర్యం. పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావో తిడుతున్నావో తెలీకుండా మాట్లాడతావు."

భుజానికి ఆపరేషనై ఆ రోజుకి ఇరవై తొమ్మిది రోజులు. మాణిక్యాంబది ఆత్రేయపురం. భర్త పోయాక ముప్ఫయ్యేళ్ళుగా పూతరేకులు తీసి బతికింది, ఏడుగురు ఆడవాళ్ళకి పని చూపించింది. బోర్లించిన వేడికుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి, లాగి, మళ్ళీ పరిచి, మళ్ళీ లాగిన చెయ్యి అది. అలా లాగీ లాగీ భుజంలో కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు అరిగిపోయి, ఒకరోజు పొద్దున్నే పని మధ్యలో తెగింది. రాజమండ్రిలో తమ్ముడింటికి తెచ్చి ఆపరేషన్ చేయించారు. తాడుని ఎముకకి మళ్ళీ కుట్టారు. కుట్టింది అతుక్కునేదాకా ఆ చేతిని ఆవిడ సొంతంగా కదపకూడదు. అలాగని వదిలేస్తే బిగుసుకుపోతుంది. ఇంకొకరి చేతులు దాని బరువు మోస్తూ కొంచెం కొంచెంగా కదిలించాలి. ఆ ఇంకొకరు ఇంట్లోనే ఉంది. ఊళ్ళో ఒక ఆస్పత్రిలో ఇరవై నాలుగేళ్ళుగా ఫిజియోథెరపిస్టు, వకుళ.

"గొడవెందుకత్తా? తెచ్చేశానుగా," అంటూ వకుళ కూతురు కృత్తిక సూట్‌కేసంత పెట్టె పట్టుకుని లోపలికొచ్చింది.

పెట్టెలోంచి తీసింది చూడ్డానికి స్వెటర్ నుంచి ఊడదీసిన చెయ్యిలా ఉంది. మణికట్టు దగ్గర మొదలై భుజం దాటి వీపు రెక్క దాకా వస్తుంది. లోపల వేలికొనంత గాలి అరలు వందలకొద్దీ ఉన్నాయి. మంచం అంచుకి బిగించిన సన్నటి చట్రం చేతి బరువు మోస్తుంటే, ఆ అరలు ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బుతూ తగ్గుతూ, ఒక మనిషి అరచేతుల్లాగే ఒత్తుతాయి, నిమురుతాయి, పైకి నడిపిస్తాయి. ఆ ఒక మనిషీ వకుళే. కూతురు పనిచేసే లాబ్ వాళ్ళు ఆరు నెలలు వకుళ చేతుల్ని రికార్డు చేసి, వాటిని ఆ తొడుగుకి నేర్పారు. ఇంకో రెండు వారాలకి, సోమవారం నాడు, ఆ తొడుగులు నలభై ఆస్పత్రులకి వెళ్ళబోతున్నాయి.

"ఈ ఎర్రమీట ఎడంచేతిలో పట్టుకో అత్తా. నొప్పనిపిస్తే నొక్కు, ఆగిపోతుంది. నువ్వు నొక్కకపోయినా, కండరం బిగుసుకుంటే అదే పసిగట్టి ఆగుతుంది. అమ్మ చేతులు ఎక్కడ ఆగుతాయో అక్కడే."

"డాక్టరుగారు తొంభై డిగ్రీలు దాటొద్దన్నారు," అంది వకుళ. తొంభై అంటే చెయ్యి ముందుకి తిన్నగా చాపినంత.

"ఆ హద్దు పెట్టానమ్మా. ఆ లోపల ఎంతవరకన్నది నీ చేతులు చూసుకుంటాయి."

కృత్తిక చేతిలోని పలకంత తెర మీద పచ్చదీపం వెలిగింది. తొడుగు మెల్లిగా ఊపిరి పోసుకుంది. వకుళ మంచం పక్కనే నిలబడి చూస్తోంది. చంక కింద బట్ట సన్నగా ఉబ్బి, వెనక్కి ఒక చుట్టు తిరిగి, రెక్క ఎముక అంచు దగ్గర ఆగింది. అది తన బొటనవేలు. అక్కడ అలా ఒక చుట్టు తిప్పడం తనకి తప్ప ఎవరికీ అలవాటు లేదు. వకుళ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"అచ్చం నీ చెయ్యే," అంది మాణిక్యాంబ కళ్ళు మూసుకుని. "నోరొక్కటే లేదు. ఇదీ సుఖమంటే."

*

వకుళ తన చేతులివ్వడానికి కారణం కుడి బొటనవేలు. ఏళ్ళ తరబడి ఒత్తి ఒత్తి దాని మొదట్లో కీలు అరిగిపోయింది. సీసా మూత తియ్యాలంటే మొగుణ్ణి పిలవాల్సొస్తోంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు, మహా అయితే ఇంకో రెండేళ్ళు పనిచెయ్యగలరన్నాడు. ఆ రాత్రే కృత్తిక పక్కలో చేరి అడిగింది: "నీ చేతుల్లో ఉన్నది నీతో పోకూడదమ్మా. నాకిస్తావా?"

ఇవ్వనని ఏ తల్లి అంటుంది?

ఆరు నెలలు ఉల్లిపొరంత పల్చటి గ్లవుజులు వేసుకుని పనిచేసింది. నాలుగు వందల మంది భుజాలు చూసింది. వాళ్ళ భుజాల మీద కూడా బిళ్ళలు అంటించేవారు, కండరం ఎప్పుడు బిగుసుకుంటుందో తెలియడానికి. మొదటిరోజు కృత్తిక ఇంకో చిన్న వస్తువు తెచ్చి తల్లి కాలరుకి తగిలించబోయింది.

"ఇదేవిటి?"

"మైకు. మాటలు కూడా ఉంటే మంచిదని."

"తీసెయ్," అంది వకుళ. "ఒకావిడ కోడలు పెడుతున్న హింస చెప్పుకుంటుంది. ఒకాయన తాగుడు మానలేకపోతున్నానని ఏడుస్తాడు. చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి చెప్తారు. అవన్నీ మీ కంప్యూటర్లో పడెయ్యడానికి కాదు. మాటల జోలికొస్తే నా చేతులూ లేవు."

లాబ్ పెద్ద డాక్టర్ పతంజలి వెంటనే ఒప్పుకున్నాడు. "మాటలతో మాకేం పని మేడమ్? మాక్కావలసింది చేతులు," అన్నాడు. ఒప్పందం కాగితంలో ఇంకో వాక్యం కూడా ఆవిడ కోసమే రాయించాడు: తొడుగు బయటి ఆస్పత్రులకి వెళ్ళేలోపు ఎప్పుడైనా సరే, కారణం చెప్పకుండా, ఆవిడ తన చేతుల్ని వెనక్కి తీసుకోవచ్చు. వెళ్ళాక మాత్రం కుదరదు.

ఇప్పుడా చేతులు ఇంట్లోనే, వదిన మంచం దగ్గరే, తను లేకుండా పనిచేస్తున్నాయి. నాలుగు వారాల్లో వకుళ వదిన చేతిని అరవై డిగ్రీలు దాటించలేదు. తొడుగు మొదటిరోజే అరవై రెండుకి వెళ్ళింది. మూడోరోజు అరవై ఎనిమిది. ఆరోరోజు డెబ్భై అయిదు. కృత్తిక సంబరంగా చదివి వినిపించేది. మాణిక్యాంబ ఆత్రేయపురం ఫోన్ చేసి, "శ్రావణానికి వచ్చేస్తానే, కుండలు సిద్ధం చెయ్యండి," అని చెప్పేసింది.

"నీకన్నా నీ చేతులే నయంలా ఉన్నాయే," అన్నాడు సూర్యారావు.

నవ్వుతాలకే అన్నాడు. వకుళ నవ్వలేకపోయింది. తన చేతులు అరవై దగ్గర ఎందుకు ఆగాయో తనకి తెలీదు. ఆగాలనిపించింది, ఆగాయి. ఇప్పుడు అవే చేతులు ఎందుకు ఆగడం లేదు? వయసు మీదపడి తనకే జంకు పెరిగిందా? ఇలా అనుకుంటే సిగ్గేసింది. తన చేతుల మీద తనకే అసూయ అనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో రోజు మంగళవారం. ఆస్పత్రికి బయల్దేరుతూ చెప్పులేసుకున్న వకుళ, ఎందుకో మళ్ళీ విప్పి గదిలోకొచ్చింది. తొడుగు పనిచేస్తోంది. కృత్తిక కుర్చీలో కూర్చుని తెర చూస్తోంది. డెబ్భై తొమ్మిది. పచ్చదీపం.

మాణిక్యాంబ మొహం ప్రశాంతంగా ఉంది. ఎర్రమీట ఎడమ అరచేతిలో అలా పడి ఉంది, వేళ్ళు దాని మీద బిగిసి లేవు. అంతా బాగానే ఉంది. బాగా లేనిదేదో ఉంది. వకుళ చూపు మెల్లిగా ఆవిడ గుండెల మీదికి దిగింది. పైట కదలడం లేదు.

"వదినా, ఏదో ఒకటి మాట్లాడు."

మాణిక్యాంబ కనురెప్పలు కదిలాయి. పలకలేదు.

"వదినా!"

"పచ్చగానే ఉందమ్మా, భుజం మెత్తగా ఉంది చూడు, బిగుతు చూపే గీత కూడా కదల్లేదు," అంది కృత్తిక.

"ఆపు."

"ఎనభై కూడా..."

"ఆపవే!"

కృత్తిక వేలు తెర మీద పడేసరికి ఎనభై ఒకటి. మాణిక్యాంబ అప్పుడు ఊపిరి వదిలింది. చాలాసేపు పట్టింది ఆ ఊపిరి బయటికి రావడానికి. తర్వాత, పక్కింటి సంగతి చెబుతున్నట్టు అంది:

"లోపలేదో జారింది వకుళా."

*

కుట్టిన చోట సగానికి పైగా తెగిందని స్కానింగులో తేలింది. "రెండోసారి కుట్టాలి. వాపు తగ్గాక, ఆరు వారాలకి చేద్దాం," అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. "తాడు ఇప్పటికే పల్చన. కుట్టినా చెయ్యి భుజం పైకి లేస్తుందని మాటివ్వలేను. ఆ తర్వాత ఫిజియో ఎలా జరుగుతుందన్న దాని మీదే ఉంటుంది అంతా." ఆ చివరిమాట అంటూ ఆయన వకుళ మొహంలోకి చూడలేదు.

వరండాలో చక్రాల కుర్చీలో కూర్చున్న వదిన ముందు గొంతుక్కూర్చుంది వకుళ.

"నొప్పి పుట్టలేదా?"

"ఎందుకు పుట్టదు? మూడోనాటి నుంచీ పుడుతోంది."

"మరి మీట చేతిలో ఉందిగా వదినా! ఎందుకు నొక్కలేదు?"

మాణిక్యాంబ ఆశ్చర్యంగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"నీ చేతులే కదా. నువ్వు ఆగలేదంటే ఫరవాలేదనుకున్నాను."

వకుళ తన రెండు చేతులకేసి చూసుకుంది. సూర్యారావు రెక్క పట్టుకుని లేపాడు.

బుధవారం ఆస్పత్రిలో మొదటి పేషెంటు ధనరాజు, ఆటో నడుపుతాడు. ఎడమ భుజం ఆపరేషనై రెండు నెలలు. వచ్చీ రావడంతోనే బల్లెక్కి పడుకుని, "మొన్న ఎక్కడాపాం మేడమ్? మా బావమరిది పెళ్ళిలో వంటవాడు పారిపోయాడు, అక్కడ కదా," అని మొదలెట్టాడు.

"ధనరాజుగారూ, ఇవాళ మాట్లాడకండి."

"అదేంటండీ?"

"ఊరికే. ఒక్క పది నిమిషాలు."

చేతిని అరచేతుల్లోకి తీసుకుంది. ఎత్తింది. రోజూ ఎత్తే చెయ్యే. యాభై దాకా బాగానే వెళ్ళింది. తర్వాత వకుళ వేళ్ళకి ఏమీ తోచలేదు. ఇంకా వెళ్ళాలా? ఆగాలా? వేళ్ళ కింద చర్మం, కండరం, ఎముక, అన్నీ ఉన్నాయి. అవేవీ ఏమీ చెప్పడం లేదు. పరిచయమున్న గదిలో దీపాలన్నీ ఆర్పేసినట్టుంది. అరవై దాటాక భయమేసి ఆపేసింది.

"ఇప్పుడు చెప్పండి. వంటవాడు పారిపోయాడు, తర్వాత?"

"తర్వాతేముందండీ, మా మావ పంచె ఎగ్గట్టి గరిటె పట్టుకున్నాడు. ఆయన సాంబారు పెట్టాడంటే..."

చెయ్యి లేస్తోంది. డెబ్భై. ఎనభై.

"...అందులో చింతపండు ఎక్కువైపోయి, ఇక మా పెళ్ళివారు... మా పెళ్ళివారు..."

వకుళ చెయ్యి ఆగిపోయింది. తను ఆపలేదు. అదే ఆగింది. పెళ్ళివారు అన్నమాట రెండోసారి పలికే ముందు ధనరాజు గొంతులో పడిన వెంట్రుకవాసి అడ్డం దగ్గర ఆగింది.

ఇరవై నాలుగేళ్ళు పేషెంట్ల కోసమే వాళ్ళని మాటల్లో పెడుతున్నాననుకుంది. నొప్పి మరిపించడానికనుకుంది. కాదు, వినడానికి. తను వినడానికి. చేతులు చూసింది తక్కువ, చెవులు చూసిందే ఎక్కువ. ఆ చెవుల్ని తనే, మంచిదాన్ని అనుకుంటూ, మైకుతో పాటు తీసి అవతల పెట్టించింది.

సాయంత్రం కూతురికి అంతా చెప్పింది. కృత్తిక గోళ్ళు కొరుకుతూ వింది.

"అయినా తొడుగు నాలుగు వందల మంది దగ్గర నేర్చుకుంది కదమ్మా. మాట తడబడినప్పుడే కండరం కూడా బిగుసుకుంటుంది. అది పట్టుకుంటుంది కాబట్టే ఇన్నాళ్ళూ పరీక్షల్లో తప్పు రాలేదు."

"మీ అత్తకి బిగుసుకోలేదు."

"అత్త ఒక్కతే అలాంటిదేమో."

"చూసొద్దాం పద," అంది వకుళ.

*

గురువారం మధ్యాహ్నానికి ఆత్రేయపురంలో ఉన్నారు. మాణిక్యాంబ పాకలో ఏడు కుండలు, ఏడుగురు ఆడవాళ్ళు. కింద కొబ్బరాకుల మంట. వీళ్ళు లోపలికొచ్చినా ఎవరూ తలెత్తలేదు. పిండిలో ముంచిన గుడ్డ రెండు చేతులా విప్పి కుండ మీద పరుస్తారు, లాగుతారు, కుండ మీద పొగమంచంత పొర మిగులుతుంది, దాన్ని గోటితో లేపి తీస్తారు. లేపుతున్నంతసేపూ పాకలో మాటలుండవు. ఏడుగురూ ఒకేసారి ఊపిరి తీసుకోవడం మానేసినట్టుంటుంది.

వాళ్ళల్లో పెద్దది నాగమణి. వకుళ ఆవిడ్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. కృత్తిక ఆవిడ భుజానికి బిళ్ళలు అంటించి తెర పట్టుకుంది.

"నేను చెయ్యి వెనక్కి తీస్తాను నాగమణీ. ఏమీ అవదు, కొంచెం లాగుతుంది. నువ్వు మాత్రం రేకులెలా చేస్తారో చెబుతూ ఉండు."

"ఆయ్, చెప్తానండి. ముందు బియ్యం నానబెట్టాలండి. నానినాక మెత్తగా రుబ్బుకుని, గిన్నెలోకి జారుగా కలుపుకుని, అప్పుడు గుడ్డ... గుడ్డ..."

వకుళ చెయ్యి ఆగింది. తిరిగి చూసింది. తెర మీద గీత చెరువులో నీళ్ళలా ఉంది. ఒక్క అల లేదు.

"ఇంకోసారి చూడమ్మా," అంది కృత్తిక.

ఇంకోసారీ అంతే. మిగతా ఆరుగుర్నీ కూర్చోబెట్టారు. ఏడుగురిలో అయిదుగురికి మాట ఆగింది, గీత కదలలేదు.

"నొప్పేస్తే భుజం బిగిసిపోదా మీకు?" అని అడిగింది కృత్తిక.

"బిగిస్తే రేకు చిరుగుద్దండి," అంది నాగమణి, చిన్నపిల్లకి చెప్పినట్టు. "కాల్తా ఉన్నా సరే, ఊపిరి బిగబట్టి భుజం వదిలేసే ఉంచాల. కొత్తలో మీ అత్తగారు మా భుజం మీద బెత్తంతో తట్టేవారండి, బిగించామంటే."

వెనక్కొస్తుంటే కాలవగట్టు మీద కృత్తిక కారు ఆపేసింది. స్టీరింగ్ మీద తల ఆనించింది. వకుళ వీపు మీద చెయ్యి వెయ్యబోయి, ఎందుకో వెయ్యలేక, ఒళ్ళోనే పెట్టుకుంది.

*

శుక్రవారం లాబ్‌లో పతంజలి అంతా విన్నాడు. చెడ్డమనిషి కాదు. కాగితం మీద లెక్కలు వేసి చూశాడు.

"మేడమ్, మీ నాలుగు వందల మంది రికార్డులూ రాత్రి మళ్ళీ తిరగేయించాను. కండరం మెత్తగా ఉండగానే మీ చెయ్యి ఆగినవాళ్ళు పదకొండు మంది. పదకొండే."

"ఆ పదకొండు మందికీ నేను ఆగాను. తొడుగు ఆగదు."

"ఒక ప్రశ్నల పత్రం పెడదాం. ఏం పని చేసేవారు, నొప్పి దాచుకునే అలవాటుందా..."

"దాచుకుంటున్నామని వాళ్ళకి తెలిస్తేగా రాయడానికి?"

"ఎర్రమీట ఉంది."

"మా వదిన చేతిలోనూ ఉంది."

పతంజలి పెన్ను మూత పెట్టాడు. "పోనీ ఇప్పట్నించి మాటలు కూడా రికార్డు చేద్దాం. మీరు ఇంకో ఆరు నెలలు కూర్చోండి. ఏడాదికి తొడుగుకి చెవులు కూడా వస్తాయి. అందాకా ఇదే నడవనిద్దాం. సోమవారం నలభై ఆస్పత్రులు ఎదురుచూస్తున్నాయి. అందులో ఇరవై ఏజెన్సీలోవి. వాటిల్లో ఒక్క ఫిజియో కూడా లేడు మేడమ్. తొడుగు వెళ్ళకపోతే అక్కడివాళ్ళ భుజాలు ఎలాగూ బిగుసుకుపోతాయి."

ఆ మాట నిజమని వకుళకి తెలుసు.

ఇంటికొచ్చాక కృత్తిక తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది. శనివారం పొద్దున వంటింట్లోకొచ్చి, ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది.

"వెనక్కి తీసుకుందామనుకుంటున్నావు కదూ?"

వకుళ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బొటనవేలు సహకరించక ఒక్కోటీ రెండుసార్లు పట్టుకోవాల్సొస్తోంది.

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"మూడేళ్ళమ్మా. నేను, ఇంకో తొమ్మిదిమంది. అసలు సంగతి అది కూడా కాదు. రెండేళ్ళకి నీ చేతులు ఆగిపోతాయి. అప్పుడేం మిగులుతుంది? మూడొందల ఎనభై తొమ్మిది మందికి బాగయ్యేది పదకొండు మంది కోసం ఆపేస్తావా?"

"ఏజెన్సీలో కొండమీంచి కట్టెలమోపులు దింపే ఆడవాళ్ళని చూశావా?"

"చూడలేదు."

"నేను చూశాను. మోపు కుదురుగా ఉండాలంటే భుజం వదిలెయ్యాలి. అక్కడ పదకొండు ఉండరు కృత్తికా. ఎంతమందుంటారో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

"తెలీనిదానికి..."

"మీ అత్త ఏమందో విన్నావుగా. నీ చేతులే కదా అంది. తొడుగుతో పాటు ప్రతి ఆస్పత్రికీ పంపే మీ బొమ్మల పుస్తకం మీద నా పేరేగా వేశారు, ఇరవై నాలుగేళ్ళ అనుభవమున్న చేతులని. నొప్పి పుడితే వాళ్ళు మీట నొక్కరు. అంత అనుభవమున్నావిడకి తెలీదా అనుకుంటారు."

కృత్తిక కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లో మనిషికైంది కాబట్టి ఇలా మాట్లాడుతున్నావు. బయటివాళ్ళకైతే పదకొండేగా అనేదానివి."

వకుళ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. అనేదా? ఏమో. అనేదేమో. ఆ మాట ఆ రోజంతా ముల్లులా తిరిగింది లోపల. సాయంత్రం సూర్యారావు టీ కప్పు చేతికిచ్చి, "నన్నేమీ అడక్కు. నువ్వు చెప్పాక నేను నీ వెనకుంటాను. ముందుండమంటే మాత్రం భయం," అన్నాడు. ఆవిడకి ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

వదిన గదిలోకెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. మాణిక్యాంబ పడుకుని కప్పు కేసి చూస్తోంది. శ్రావణానికి రానని ఆత్రేయపురం ఫోన్ చేసి చెప్పిందిట మధ్యాహ్నం.

"నా గురించి పిల్లపొట్ట కొట్టకు వకుళా. నా చెయ్యి పోతే పోయింది. ఇంకో చెయ్యుంది."

"ఆ చేత్తో గుడ్డ పరవగలవా?"

మాణిక్యాంబ ఊపిరి బిగబట్టింది. మొహంలో ఏమీ లేదు, భుజం మెత్తగా దిండు మీద వాలి ఉంది. వకుళ అలా చూస్తూ కూర్చుంది. ఈ బాధ ఎక్కడుందో చూపించే తెర ఎవరి దగ్గరా లేదనిపించింది.

"వదినా, రేకులు నేర్చుకున్న కొత్తలో సంగతి చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

మాణిక్యాంబ మొదలుపెట్టింది. మొగుడు పోయిన ఏడాది, అత్తగారి కుండ, మొదటిరోజు చిరిగిన రేకులు. నాలుగో మాటకే ఆగి, మళ్ళీ అందుకుంది. వకుళ ఆవిడ ఎడంచెయ్యి పట్టుకుని, చెప్పినంతసేపూ వింది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. మాణిక్యాంబకి అన్నం కలిపి, చెంచా ఎడంచేతికిచ్చింది వకుళ. కృత్తిక తల వంచుకుని తింటోంది. సూర్యారావు ఏదో జోకెయ్యబోయి మానేశాడు. వకుళ అందరికీ చారు పోసి, గిన్నె కింద పెట్టి, తన కంచం ముందు కూర్చుంది. గొంతు పెంచలేదు. రేపు ఏం కూర వండాలో చెబుతున్నట్టే చెప్పింది.

"రేపు తొమ్మిదింటికి, వాళ్ళు పెట్టెలు పంపేలోపు, లాబ్‌కెళ్ళి సంతకం పెడుతున్నాను. నా చేతులు తీసేస్తారు. మాటలతో సహా ఇవ్వగలిగినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళవి తీసుకోనీ, అది వాళ్ళిష్టం. నా పేషెంట్ల మాటలు నేనివ్వను. ఏజెన్సీ ఆస్పత్రులకి నిన్న ఉత్తరం పెట్టాను, నెలకి ఇద్దర్ని పంపమని. పక్కన నిలబెట్టుకుని నేర్పుతాను, ఈ వేలు ఎన్నాళ్ళు కదిలితే అన్నాళ్ళు. నలభై ఆస్పత్రులకి సరిపోనని తెలుసు. వదినకి రెండో ఆపరేషనయ్యాక నేనే చేస్తాను, వదిన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. కృత్తికా, నీ కోపం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. నేను తొందరపెట్టను."